ఉచ్చుకో గుర్తు, శాపానికో విమోచనం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు వ్యాసం ఇమ్మని తమ్ముళ్ళు వచ్చి అడిగారు. "దేని మీద రాస్తారన్నా?" అన్నారు. "సమాధుల్లో ఉచ్చులు ఎలా పెట్టాలి, శాపాలు ఎలా రాయాలి అన్నదాని మీద" అన్నాం. నవ్వేశారు. గ్రూప్స్‌కు ఎలా చదవాలి, ఇంగ్లీషంటే భయం ఎలా పోగొట్టుకోవాలి, మెస్ ఛార్జీలు ఎందుకు పెంచాలి - మన సంచికలో ఏటా వచ్చే వ్యాసాలివి. అవన్నీ రావాల్సినవే. కానీ రెండేళ్ళుగా శనివారం రాత్రి స్టడీ అవర్ అయ్యాక మా గదిలో ఒక ఆట జరుగుతోందని హాస్టలంతటికీ తెలుసు. ఆ ఆటలో మేమొక తప్పు చేశాం. ఆ తప్పు వల్ల మాకొక అభిప్రాయం కలిగింది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆట సంగతి, తెలియని పూర్వ విద్యార్థుల కోసం. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. ఇందులో ఒకరు ఆట నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు - ఒకడు కత్తివీరుడు, ఒకడు దొంగ, ఒకడు మాంత్రికుడు. నడిపేవాడు "మీ ముందు చీకటి నడవా ఉంది, ఏం చేస్తారు?" అంటాడు. ఆటగాళ్ళు నోటితో చెబుతారు. ఫలితం అటో ఇటో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. 'పాతాళ భైరవి' చూసి, 'చందమామ' సీరియళ్ళు చదివిన మనకు గుహలూ మాంత్రికులూ కొత్త కాదు. కథ వినడం మానేసి మనమే కథలోకి దిగడం, అంతే తేడా. 2023 జనవరిలో ఈ ఆట నియమాల్లో ముఖ్యభాగాన్ని ప్రచురణకర్తలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేశారు. అవే మేము ఫోన్లో దించుకున్నాం. పాచిక మా దగ్గర లేదు. ఒకటి నుంచి ఇరవై దాకా చిట్టీలు రాసి స్టీలు గ్లాసులో వేసి తీస్తాం.

మేము రాసిన మొదటి సమాధిలో పదకొండు ఉచ్చులు పెట్టాం. గోడలోంచి బాణాలు, కాలు పెడితే విరిగిపడే పలక, మూత తీస్తే విషపుగాలి. రెండు రాత్రులు మేలుకుని రాసినందుకు మాకు మేమే మురిసిపోయాం. నలుగురు ఆటగాళ్ళు లోపలికి వెళ్ళారు. మూడో గది దాటకుండా నలుగురూ చచ్చారు. ఇంటర్ రెండో ఏడు చదివే తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, ఆ పలక మీద కాలు పెట్టకూడదని మాకు తెలిసే దారి ఏమన్నా ఉందా?"

"లేదు. జాగ్రత్తగా ఉండాలి" అన్నాం.

"ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో తెలియకపోతే ఎట్లా ఉండేదన్నా?"

ఆ మాటకు మాకు ఆట గుర్తురాలేదు. డిగ్రీలో చేరిన ఏడాది గుర్తొచ్చింది. ఒక ఆఫీసు కిటికీ ముందు మూడు గంటలు నిలబడ్డాక "ఈ సర్టిఫికెట్ ఇలా కాదు, కొత్త నమూనాలో ఉండాలి" అని కాగితాలు వెనక్కి తోశారు. కొత్త నమూనా ఒకటుందని నోటీసు బోర్డు మీద లేదు, దరఖాస్తులో లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే, అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మళ్ళీ బస్సెక్కి ఊరికి వెళ్ళి, ఒక రోజు కూలి పోగొట్టుకున్న నాన్నను వెంటబెట్టుకుని తిరిగాం. ఇది చదివే అన్నల్లో చాలామందికి ఇలాంటి పలక ఒకటి కాలి కింద విరిగే ఉంటుంది. గుర్తు లేని ఉచ్చు తెలివిని పరీక్షించదు. ముందే తెలిసినవాణ్ణి దాటించి, తెలియనివాణ్ణి పడేస్తుంది, అంతే. అలాంటిదాన్ని మా చేత్తో మేమే రాసి తమ్ముళ్ళ ముందు పెట్టామే అని సిగ్గుపడ్డాం.

ఆ తర్వాత ఈ విద్యలో పేరుమోసినవాళ్ళు ఏం చేశారో చూశాం. 1975లో ఒక పోటీ కోసం గైగాక్స్ 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే సమాధి తయారుచేశాడు. 1978లో అది అచ్చయింది. ఆరితేరామనుకునే ఆటగాళ్ళను పరీక్షించడానికి రాసినది. లోపల ఉన్నది అసెరరాక్ అనే దుష్ట మాంత్రికుడు. సమాధికి మూడు ద్వారాలు, అందులో రెండు దొంగవి. ఒకదాంట్లో కప్పు కూలుతుంది, ఇంకోదాంట్లో పెద్ద రాయి జరిగి దారి మూసుకుంటుంది. అసలు నడవా నేల మీద మాత్రం దారి చెప్పే పొడుపు ఒకటి దాగి ఉంటుంది. ఓపికగా చదివినవాడికి సాయం దొరుకుతుందన్నమాట. అది మెచ్చుకోవాల్సిన పని. అదే నడవా చివర పచ్చటి రాక్షసముఖం ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. లోపల కటిక చీకటి. దారేమో అని దూరినవాడు ఆనవాలు లేకుండా మాయమైపోతాడు. చిట్టీ తీసే అవకాశం కూడా ఉండదు. యాభై ఏళ్ళుగా ఆటగాళ్ళు దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. మా మాట ఇది: కర్ర దూర్చి చూసినవాడికి ఆ కర్ర కొస మాయమవడం కనిపిస్తుంది కాబట్టి అది అన్యాయం కాదు. అయితే పరీక్షించే అలవాటు లేని కొత్తవాడికి మొదటి రోజే దాన్ని పెట్టడం అన్యాయమే.

లెక్కల్లో చెప్పాలంటే ఇలా. చిట్టీ ఏడు, ఆపైన వస్తే బతికినట్టు అనుకుందాం. ఇరవైలో పద్నాలుగు, అంటే 70 శాతం. వినడానికి దయగానే ఉంది. కానీ అలాంటివి వరసగా ఐదు దాటి మిగిలే అవకాశం 17 శాతం. మేము పెట్టినట్టు పదకొండయితే 2 శాతం. ఆటగాళ్ళది తెలివితక్కువతనం కాదు, మాది గుణింతం రానితనం. అందుకే చిట్టీని చివరికి పెట్టాలి. ముందు గుర్తు ఉండాలి. గుర్తు చూసినవాడికి ఏం చేయాలో ఎంచుకునే వీలుండాలి. చూడనివాడికీ, చూసి తెగించినవాడికీ మాత్రమే చిట్టీ.

ఈ పద్ధతిలో పాత పలకనే మళ్ళీ రాశాం. నడవా అంతా వేళ్ళ మందాన దుమ్ము. ఒక్క పలక అంచుల వెంట మాత్రం దుమ్ము లేదు, కింది గొయ్యిలోంచి గాలి తన్నుతోంది కాబట్టి. ఆ తమ్ముడే ఈసారి ముందు నడుస్తున్నాడు. "ఆగండి, కత్తి పిడితో తట్టి చూస్తా" అన్నాడు. ఎందుకని అడిగాం. "మా నాన్న టైల్స్ వేశాక ఒక్కోదాన్నీ తట్టి చూస్తాడన్నా. డొల్లగా మోగితే కింద సిమెంటు పట్టలేదని లెక్క." గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మేము రాసిన గుర్తు కంటే వాడు ఇంటినుంచి తెచ్చుకున్న తెలివి పెద్దది. ఉచ్చు సరిగ్గా పెడితే కూలివాడి కొడుక్కి తన ఇంటి విద్య పనికొస్తుంది.

ఆ తట్టిన చప్పుడే మమ్మల్ని అసలు సమాధుల చరిత్ర వైపు నడిపించింది. మేము ఎం.ఏ. చరిత్ర కాబట్టి పుస్తకాలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. ఈజిప్టు సమాధుల్లో దొంగల మీద ఎక్కువగా నమ్ముకున్నది బాణాలను కాదు, బరువును. గిజాలోని ఖుఫు పిరమిడ్‌లో రాజు గది ముందు గాడుల్లో పైనుంచి కిందికి దిగే గ్రానైటు పలకలు పెట్టారు. హవారాలో మూడో అమెనెంహాత్ పిరమిడ్ ఇంకా గడుసుది. గుడ్డిదారులు, కప్పులో దాచిన జరిగే రాళ్ళు, చివర ఒకే రాయిని తొలిచిన గది. ఆ రాయి బరువు సుమారు 110 టన్నులు. అయినా 19వ శతాబ్దం చివర్లో పెట్రీ అనే పరిశోధకుడు లోపలికి చేరేసరికి దొంగలు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయారు. చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 210లో చనిపోయాడు. ఆయన సమాధిలో, దగ్గరికొచ్చినవాడి మీద వాటంతటవే బాణాలు వేసే విల్లులు పెట్టారనీ, పాదరసంతో నదులు పారించారనీ సుమారు వందేళ్ళ తర్వాత సీమా చియెన్ అనే చరిత్రకారుడు రాశాడు. రహస్యం బయటికి పొక్కకుండా, లోపల పనిచేసిన పనివాళ్ళను లోపలే ఉంచి తలుపులు దించారని కూడా ఆయనే రాశాడు. ఆ చక్రవర్తి మట్టిసైన్యం బయటపడింది 1974లో, బావి తవ్వుకుంటున్న రైతుల చేతుల్లో. ఈ ఆట పుట్టిన ఏడాదే అది. అసలు సమాధి దిబ్బను ఇంతవరకు తవ్వలేదు.

ఇవి చదువుతుంటే ఒక ప్రశ్న పుట్టింది. ఆటల్లో సమాధి అంటే లోపల రాజు, బయట దొంగ. కట్టినవాడు ఏడీ? ఈజిప్టులో రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్ళ ఊరు ఒకటుంది, ఇప్పుడు డెయిర్ ఎల్ మదీనా అంటారు. క్రీ.పూ. 12వ శతాబ్దంలో, మూడో రామ్సెస్ పాలన 29వ ఏట, వాళ్ళకు రావాల్సిన ధాన్యం ఆగిపోయింది. పనిముట్లు వదిలేసి గుడుల వెనక కూర్చున్నారు. ఆకలవుతోందనీ, బట్టలు, నూనె, చేపలు, కూరగాయలు లేవనీ చెప్పారు. ఆ ఊరి లేఖరి రాసిపెట్టాడు. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె అదే అంటారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు తొమ్మిదో రామ్సెస్ కాలంలో సమాధి దొంగతనం కేసు విచారణ జరిగింది. నేరం ఒప్పుకున్న అమెన్‌పనెఫెర్ వృత్తిరీత్యా రాతిపనివాడు. బంగారం తీసుకుని శవపేటికలు కాల్చేశామని చెప్పాడు. పట్టుబడ్డప్పుడు తన వాటా బంగారం అధికారికి ఇచ్చి బయటపడ్డాననీ, మళ్ళీ వెళ్ళి తోడుదొంగలను కలిశాననీ కూడా చెప్పాడు. రాయిని తెలిసినవాడికి సమాధి తెలుసు.

మా నాన్న తాపీపనిలో కూలి. ఆయన ఇటుకలు మోసిన ఇళ్ళు మా పట్టణంలో ఎన్నో ఉన్నాయి. గృహప్రవేశం అయ్యాక ఆయన ఆ ఇళ్ళ గడప దాటింది లేదు. అందుకే ఉచ్చు రాసే తమ్ముళ్ళకు మేము చెప్పే మొదటి నియమం ఇది: దీన్ని ఎవరు కట్టారు, వాడికి కూలి ముట్టిందా అని ముందు రాసుకోండి. కట్టినవాడు తాను లోపల తిరగడానికి ఒక దారి పెట్టుకుని ఉంటాడు. గోడ మీద బొగ్గుతో లెక్క గీసుకుని ఉంటాడు. గుండు కట్టిన దారం ఒకటి మర్చిపోయి ఉంటాడు. ఆటగాళ్ళకు మీరివ్వాల్సిన గుర్తులన్నీ అక్కడే దొరుకుతాయి, విడిగా వెతుక్కోనక్కర్లేదు.

ఇక శాపాలు. శాపం అనగానే అందరూ చెప్పేది టుటన్‌ఖామున్ సమాధి. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ దాన్ని కనిపెట్టాడు. డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్ 5న చనిపోయాడు. దోమకాటు గడ్డం గీసుకుంటుంటే తెగి, విషమించింది. పత్రికలు శాపమన్నాయి. నిజానికి ఆ సమాధిలో అలాంటి శాపం రాసిలేదు. మొదట అడుగుపెట్టిన కార్టర్ 1939 దాకా బతికాడు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. ఆ కాలంలో ఈజిప్టులో ఉన్న 44 మంది పాశ్చాత్యుల్లో సమాధి తెరిచినప్పుడు దగ్గరున్నవాళ్ళు 25 మంది. వాళ్ళు సగటున 70 ఏళ్ళు, మిగతావాళ్ళు 75 ఏళ్ళు బతికారు. వయసు, ఆడ మగ తేడాలు కూడా లెక్కలోకి తీసుకుని, శాపానికీ చావుకీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదని తేల్చారు.

నిజంగా రాసిన శాపాలు కొన్నిచోట్ల ఉన్నాయి. గిజా పిరమిడ్ల దగ్గర పనివాళ్ళ శ్మశానం 1990లో బయటపడింది. అందులో పెటెటీ అనే అతని సమాధిలో, దీనికి హాని చేసినవాణ్ణి మొసలి, నీటిగుర్రం, సింహం తినాలని రాసి ఉంది. గమనించండి, ఆ శాపం హాని చేసినవాడికే. ఫలానా ఇంట్లో పుట్టినవాడికి కాదు. అలాగే పాత రాజ్యం నాటి కొన్ని సమాధుల మీద, దీన్ని కట్టిన పనివాళ్ళకు రొట్టె, బీరు, బట్ట ఇచ్చి తృప్తిపరిచామని యజమానులు రాయించుకున్నారు. కూలి ఎగ్గొట్టిన సమాధిలో నిద్రపట్టదని వాళ్ళకూ తెలుసు కాబోలు.

ఇప్పుడు మా తప్పు చెప్పాలి. మా రెండో సమాధిలో ఒక శాపం రాశాం. పాత్రలకు వంశాలు చిట్టీ తీసి పంచాం. ఫలానా వంశంలో పుట్టినవాడు ఆ సమాధిలో దేన్ని ముట్టుకున్నా చెయ్యి ఎండిపోతుంది, విరుగుడు లేదు - ఇదీ శాపం. భయంగా ఉంటుందని రాశాం, అంతకు మించి ఆలోచించలేదు. చిట్టీ డిగ్రీ మొదటి ఏడు తమ్ముడికి వచ్చింది. వాడి పాత్ర నీళ్ళకుండ ముట్టుకుంది. చెయ్యి ఎండిపోయిందన్నాం. మిగతావాళ్ళు నవ్వారు. వాడు కాగితం మడిచి మంచం మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు కుళాయి దగ్గర పళ్ళెం కడుగుతూ, మా వైపు చూడకుండా అన్నాడు: "బయట ఉన్నది చాలదా అన్నా? ఆటలో కూడా పుట్టుకకేనా?"

మా దగ్గర జవాబు లేదు. నీళ్ళకుండ ముట్టుకుంటే తప్పయ్యే కథ మన హాస్టల్లో ఎవరికీ కట్టుకథ కాదు. మన తాతలకు అది దినచర్య. దాన్ని మేము తెలియకుండానే తీసుకొచ్చి తమ్ముడి ముందు వినోదంగా పెట్టాం. మూడు వారాలు వాడు ఆటకు రాలేదు.

శాపం అనేదే వద్దంటారా అని మీరడగవచ్చు. వద్దనడం లేదు. మన పాతకథల్లోనే మంచి శాపాలున్నాయి. జయవిజయులకు శాపం వచ్చినప్పుడు మిత్రులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడు జన్మలా అని ఎంచుకునే వీలుంది. పరీక్షిత్తుకు ఏడు రోజుల గడువుంది, ఆ ఏడు రోజులు ఏం చేశాడన్నదే కథ. అదే పాతకథల్లో సాంబుడూ అతని తోటివాళ్ళూ చేసిన వెక్కిరింతకు ముసలం పుట్టి యాదవకులమంతా నశించిన శాపమూ ఉంది. ఒకరి తప్పుకు పుట్టినవాళ్ళందరినీ శిక్షించే ఆ రకం మనం దించుకోనక్కర్లేదు. శాపం చేసిన పనికి తగలాలి. తగిలిందని తెలియాలి. విమోచనం ఎంత కష్టమైనా సరే, ఒకటి ఉండాలి.

"లోకం అన్యాయంగానే ఉంటుంది, ఆట కూడా అలా ఉంటేనే గట్టిపడతారు" అని మా సీనియర్ అన్న ఒకరు వాదించారు. ఆయన మాటలో కొంత నిజముంది. ఉచ్చులో పడి చావడమే లేకపోతే ఆటకు రుచి ఉండదు. కష్టం తగ్గించమని మేమూ అనడం లేదు. కానీ గట్టిపడటానికి మన పిల్లలకు అన్యాయం కొరత ఎక్కడా లేదు. లేనిదల్లా, గుర్తు చూసి, ఆలోచించి, ఎంచుకుని, ఆ ఎంపిక ఫలితం తామే అనుభవించే చోటు. వారానికి మూడు గంటలు ఒక గదిలో ఆ చోటు దొరికితే, అది కాలం వృథా చేయడమని మేము అనుకోం.

నాలుగో శనివారం ఆ తమ్ముడు లాంగ్‌నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు. తనే ఒక సమాధి రాశాడు. మేము పరీక్షలకు పైకి చదువుతుంటే ఆ ఈజిప్టు సమ్మె సంగతి విన్నాడట. వాడి సమాధిలో శాపం రాజుది కాదు, కూలి ముట్టని రాతిపనివాడిది. అక్కడి బంగారం తీసుకున్నవాడికి ఆ రోజు నుంచి ఏం తిన్నా నోట్లో రాతిపొడి రుచి తగులుతుంది. విమోచనం ఏమిటంటే గోడ మీద బొగ్గుతో గీసిన రోజుల లెక్క చదివి, ఆ పనివాడి వారసుల ఊరు వెతికి, బాకీ కూలి లెక్కకట్టి వాళ్ళ చేతిలో పెట్టడం. మా పాత్రలు నాలుగు వారాలు ఆ ఊరి కోసం తిరిగాయి. అంత ఇష్టంగా మేము ఎప్పుడూ ఆడలేదు.

వచ్చే ఏడు మేము ఈ హాస్టల్లో ఉండం. చిట్టీల గ్లాసు, ఆ లాంగ్‌నోట్‌బుక్ లైబ్రరీ బీరువాలో కింది అరలో పెట్టి వెళ్తాం. తమ్ముళ్ళూ, తీసుకోండి, కొత్త సమాధులు రాయండి. మొదటి పేజీలో రెండే మాటలు రాసిపెట్టాం: ఉచ్చుకో గుర్తు పెట్టండి, శాపానికో విమోచనం పెట్టండి. మూడోది ఆ తమ్ముడు తన చేత్తో కింద చేర్చాడు: ముందు కట్టినవాడి కూలి ఇవ్వండి.